త్రవ్వినవాని ఋణము

విజయనగరము జిల్లాలో గర్భమను గ్రామమొకటి కలదు. మాంగనీసు గనులకు పేరుగన్న ఆ యూరి పేరు చెవిని బడినప్పుడెల్ల, తల్లికడుపును త్రవ్వి తీసికొనుటకు బిడ్డకుగల యధికారమేమి యను ప్రశ్న నా మనస్సున మెదలుచుండును.

మన దేశమున మాంగనీసు త్రవ్వకము తొలుత నారంభమైనది యీ సీమయందే. 1892లో, నాటి విశాఖపట్టణము జిల్లాకు చెందిన యీ మెట్టనేలలలో గునపము మ్రోగినది. ఇచ్చటి నల్లరాయి ఓడలెక్కి దూరదేశముల కొలుములు చేరినది. ఇందలి కోడూరు పేరిటనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఫెర్మరు ఒక శిలాజాతిని కోడురైటని పిలిచెను. 1909లో మన దేశపు మాంగనీసు నిక్షేపములపై బృహద్గ్రంథమును వెలువరించెను. ఉక్కులోని గంధకదోషమును హరించి దానికి దార్ఢ్యము నొసగునది యీ రాయియే గావున, రైలుపట్టా మొదలు ఇంటికప్పులోని యినుపకమ్మి వఱకు దీని యుపకారము మనలను చుట్టుకొనియేయున్నది.

ఈ గనులకు పడమట, అనంతగిరి కొండలలో, బొఱ్ఱా గుహలున్నవి. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సున్నపురాతిని కరగించుకొని, గుహలో చుక్కచుక్కగా రాలుచు, ఆ వాయువు విడివడగనే మరల రాయిగా పేరుకొనును. అట్లు నేలనుండి పెరిగిన దిమ్మ యొకటి లింగాకృతి దాల్చగా, శివరాత్రినాడు జనులు కొండలెక్కివచ్చి దాని నర్చింతురు. ఆ గుహలగుండ సాగు నదికి ఆవుచన్ను అను నర్థముగల గోస్తని యను పేరు గలదు.

తూర్పుకనుమలను కన్నతల్లికి ఇరువురు బిడ్డలైన యీ శిలలలో నొకదానికి పుష్పము, వేఱొకదానికి గునపపుపోటు దక్కనేల? ఈశ్వరుడు సర్వవ్యాపియైనచో, ఆకృతినిబట్టి పవిత్రతను పంచిపెట్టుట మన దృష్టిలోపమేగాని రాతిలోపము గాదు. అట్లని త్రవ్వక బ్రతుకుట సాధ్యమా? నాగలియు నేలను చీల్చునదే గదా!

అథర్వవేదములోని భూమిసూక్తమున, నేలను త్రవ్వువాడు ఆ గాయము త్వరగా మానవలెననియు, భూమి మర్మమునకు దెబ్బ తగులరాదనియు వేడుకొనుట కలదు. చిరకాలము ఆ ప్రార్థనయే నాకు సమాధానమైయుండెను. కాని త్రవ్విన దుంప మరల మొలచును; త్రవ్విన మాంగనీసు మొలవదు. బొఱ్ఱాలోని దిమ్మ యంగుళము పెరుగుటకే మనుజుని యాయుష్షు చాలనప్పుడు, ఈ గాయము మానుటకు ఏ కాలము నిరీక్షింతుము?

దేవఋణము, ఋషిఋణము, పితృఋణమని మన పెద్దలు మూడు ఋణములను చెప్పిరి. గని త్రవ్వినవాడు, ఆ లోహముతో సుఖించువాడు, అనగా మనమందఱము, నాలుగవ ఋణమును తలకెత్తుకొన్నామని నా దృఢవిశ్వాసము. తీసికొన్న రాతిని రాతిగా తీర్చలేము, ఆచరణముతోనే తీర్పవలెను. త్రవ్విన గోతిని పూడ్చి చెట్లు నాటుట యొక వాయిదా. చిరకాలము పీల్చినచో నరములను క్రుంగదీయు ఆ ధూళినుండి శ్రామికుని కాపాడుట వేఱొక వాయిదా. అవసరమునకు మించి త్రవ్వక కొంత నేలలోనే యుంచుట అన్నింటికంటె పెద్ద వాయిదా. ఏలయన, గర్భమనునది పుట్టినవారి సొత్తు గాదు, పుట్టబోవువారి నివాసము.