సొరంగములోని కాయకము

శివశరణులారా! బొర్రా గుహల స్టేషను దాపున నిలిచి, బైలదిల్లా నుండి విశాఖపట్టణపు రేవునకు ఇనుప ఖనిజము తెచ్చు గూడ్సుబండిని చూచితిరా? కొత్తవలస-కిరండూలు మార్గమున 58 సొరంగములున్నవి. 1960వ దశకమున కొండలను తొలిచి వేసిన దారి అది. గుహలోని లింగమును చూచి వచ్చితిమి. (ఇష్టలింగధారులకు అదేల యందురేమో, పిల్లల వేడుక!) పిల్లలు పెట్టెలు లెక్కించిరి. నేనును లెక్కించి, నడుమ తప్పితిని.

బండి పోయిన పిమ్మట, సుత్తె భుజమున వేసికొని గ్యాంగుమన్ ఒకడు చీకటిలో నుండి వెలికి వచ్చెను. బండి వచ్చునపుడు వారు సొరంగపు గోడలో తొలిచిన గూటిలో ఒదిగి నిలుతురు. అంత బరువు మొగము ముందుగా ఉరుముచు దిగిపోవుచుండ, ఊపిరి బిగబట్టి నిలుచుట! ఆ పట్టాల మీదనే మనము సుఖముగా వచ్చితిమి.

మాదర చెన్నయ్యను, డోహర కక్కయ్యను తనవారని చెప్పుకొన్న బసవేశ్వరుడు అచట నున్నచో ఏమి చేసియుండును? మేము ఫలహారపు పొట్లములు విప్పియుంటిమి. “ఆ తాత లోపల ఏమి చేయుచున్నాడు?” అని పిల్లవాడొకడు అడిగెను. ఎవరమును బదులు చెప్పలేదు. ఆయనను పిలువనులేదు. ఆయన పట్టాల వెంబడి తరువాతి సొరంగము వైపు నడచిపోయెను.