ఎఱుకను కాపాడుకొనుటయు శివాచారమే



వీరశైవుని నిత్యకృత్యమునకు మూలము స్మరణము. వేకువనే లేచి, భస్మము ధరించి, కరస్థలమున ఇష్టలింగము నుంచుకొని పంచాక్షరి జపించు భక్తునకు ఎఱుకయే పీఠము. ఆ ఎఱుక చెదరినచో చేతిలో లింగమున్నను అది లింగమని తెలియదు. ఇంటిపెద్ద చేసిన పూజను మఱచి మరల పూజకు కూర్చుండుట, కన్నకొడుకును చూచి “ఎవరి అబ్బాయివయ్యా” యని యడుగుట, ఇట్టి దుఃఖము నెఱిగిన కుటుంబములు అరుదు కావు.

ముదిమిలో మతి తప్పుట సహజమని లోకము సరిపెట్టుకొనును. వైద్యశాస్త్రమట్లు చెప్పుట లేదు. 2024లో లాన్సెట్ పత్రికవారి నిపుణుల సంఘము, మతిభ్రంశ వ్యాధులలో సుమారు 45 శాతము వఱకు నివారించుటకో, ఆలస్యము చేయుటకో వీలున్నదని తెలిపి, 14 కారణములను పేర్కొన్నది. పొగత్రాగుట, అతిగా మద్యము సేవించుట, అదుపు లేని రక్తపోటు, మధుమేహము, వ్యాయామలేమి, ఒంటరితనము, చెవుడు, చూపు మందగించుట మొదలగునవి వానిలోనివి. ఇందు పెక్కు మనుజుని నడవడిలోనివే.

లింగమున కర్పించి, ప్రసాదముగా మాఱిన దానినే స్వీకరింపవలెనన్నది ఆచారము. చుట్టను లింగమున కర్పింపగల భక్తుడెవడు? సారాను అర్పింపగలవాడెవడు? అర్పింపరానిది నోటికి తగునా? ఒంగోలు సీమలో పొగాకు పండవచ్చును. పండించిన చేయి దానిని కాల్చవలెనన్న నియమము లేదు. పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరుగబడగా, ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరులో సారా నిషేధము వచ్చినది. చదువు అంతంతమాత్రమైన ఆ తల్లులు గ్రహించిన సత్యమును లింగధారులు గ్రహింపకుండుట తగదు.

గుంటూరు మిరపకు కీర్తి యున్నది. కారము మెదడునకు విషము కాదు; దానితో కూడి పచ్చళ్లలో చేరు ఉప్పునే లెక్కింపవలెను. దినమునకు 5 గ్రాములకు లోపుగా, అనగా ఒక చిన్న చెంచాకు మించకుండ ఉప్పు వాడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఉప్పు మీఱిన రక్తపోటు పెరుగును. రక్తపోటు పెరిగిన మెదడులోని సూక్ష్మనాళములు చెడును.

ఇక ఈ నల్లరేగడి నేలలకు చెందిన ఆపద మఱియొకటి గలదు. 1987-88లో తెల్లదోమ ప్రత్తిచేలను నాశనము చేయగా, అప్పులపాలైన రైతులు కొందఱు పురుగుమందునే త్రాగి ప్రాణములు విడిచిరి. ఆ ఘోరమును లోకము చూచినది. మెల్లమెల్లగా ఒంటికెక్కు విషమును ఎవరును చూచుట లేదు. మోనోక్రోటోఫాస్ వంటి మందులు పురుగు నరములను పట్టి చంపును. మనుజుని నరములకును ఆ మందు శత్రువే. ఎసిటైల్‌కోలిన్ అను రసాయనము జ్ఞాపకమునకు అవసరము. దాని రాకపోకలను క్రమపఱచు ఎంజైమును ఆ మందు నిలిపివేయును. పలుమాఱు సోకినచో జ్ఞాపకమును, ఏకాగ్రతయును తగ్గవచ్చును.

కాయకమే కైలాసమని నమ్మినవారు కాయమును నిర్లక్ష్యము చేయరాదు. ఒంటికి బట్ట, చేతికి తొడుగు, ముక్కునకు అడ్డు లేకుండ మందు చల్లుట, గాలికి ఎదురు నిలుచుట, అడ్డుపడిన పిచికారి గొట్టమును నోటితో ఊదుట, సబ్బుతో చేతులు కడుగక అన్నము ముట్టుట విడువవలెను. శివుడే కాపాడునని యనువారు కలరు. కాపాడుకొను బుద్ధి నిచ్చినవాడును శివుడే.

మిరప కల్లముల కాపలా రాత్రులు తప్పనివి; చరవాణితో గడపు రాత్రులు తప్పించుకొనదగినవి. పగలు నేర్చినది నిద్రలోనే మనస్సున స్థిరపడును.

ఒంటరితనమునకు మందు దాసోహములోనే యున్నది. పండితారాధ్యుడు వాదము చేసెనని పాల్కురికి సోమనాథుడు వర్ణించిన చందవోలు ఈ సీమలోనిదే. ఆ వాదమున ఆయుధము పదునైన బుద్ధి. మఠములలో వారమున కొకసారియైనను బసవపురాణ పఠనము జరుగవలెను. చెవి మందగించిన వృద్ధులను ముందువరుసలో కూర్చుండబెట్టి, చెవి, కన్ను పరీక్ష చేయింపవలెను. పెద్దలచే పాత సంగతులు చెప్పించి, పిన్నలు వినవలెను.

ఇప్పటికే ఎఱుక తప్పినవారిని కసరరాదు. మఱచిన పెద్ద చేతిలో మరల లింగమునుంచి, చెవిలో పంచాక్షరి పలుకు కోడలి సేవ జంగమార్చనకు తీసిపోదు. తక్కినవారు తమ ఎఱుకను నేడే కాచుకొందురు గాక.