పిల్లల నడకను బట్టి



యాకోబు ఏశావులు చాలా ఏండ్ల ఎడబాటు తరువాత కలిసికొనిన వృత్తాంతము ఆదికాండము 33వ అధ్యాయములో ఉన్నది. ఏశావు వెంట నాలుగువందల మంది మనుష్యులు ఉండిరి. అందరము కలిసి సాగిపోదమని అతడు తమ్ముని పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. తన బిడ్డలు లేతవారనియు, మందలో పాలిచ్చు పశువులు ఉన్నవనియు, ఒక్క దినము వాటిని వడిగా తోలినను చచ్చుననియు అన్నకు విన్నవించెను. మంద ఎంత నడువగలదో, పిల్లలు ఎంత నడువగలరో చూచుకొని నిదానముగా వెనుక వచ్చెదనని చెప్పెను.

శనివారము నవీపేట సంతకు మేకలను తోలుకొని వచ్చువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు. కుంటుచున్న మేకను దారిలో వదలి ముందుగా సంత చేరినవానిని మంచి కాపరియని ఎవరును అనరు. ఇంకొక సంగతియు గమనింపవలెను. ఈ మాట పలికిననాడు యాకోబు తానే కుంటుచున్నాడు. పెనూయేలులో అతని తొడగూడు వసిలిన సంగతి వెనుకటి అధ్యాయములోనే ఉన్నది. కుంటివాడే మందకు నడక నేర్పెను.

ఇప్పుడు ఒక పల్లెబడిని తలంచుకొందము. తరగతిలో నలువదిమంది పిల్లలున్నారు. వారిలో ఒకనికి చెవులు సరిగా వినబడవు. ఒక ఆడుబిడ్డకు బుద్ధి నెమ్మదిగా వికసించుచున్నది. ఇతరులు ఒక దినములో నేర్చుకొనునది ఆమెకు ఒక నెల పట్టును. ఉపాధ్యాయుడు ఎవరి నడకను బట్టి నడువవలెను? ఆ ఇద్దరికి అధికముగా ఇచ్చిన గడియ మిగిలిన ముప్పది ఎనిమిది మంది యొద్దనుండి తీసికొన్నదే గదా? అది న్యాయమా? ఈ ప్రశ్నను కఠిన హృదయులు మాత్రమే అడుగరు. తమ బిడ్డ పదవ తరగతి గట్టెక్కవలెనని కష్టపడు మంచి తలిదండ్రులును అడుగుదురు. గనుక దీనిని తోసివేయక ఆలోచింపవలెను.

మొదట ఒక అడ్డు తొలగింపవలెను. మన గ్రామములలో అట్టి బిడ్డ పుట్టగానే ఎవరి పాపమో అను గుసగుస నేటికిని వినబడుచున్నది. శిష్యులును పుట్టు గ్రుడ్డివానిని చూచి ఇదే అడిగిరి (యోహాను 9). వాడును పాపము చేయలేదు, వాని తలిదండ్రులును చేయలేదు అను భావమున ప్రభువు ఉత్తరమిచ్చి, వానియందు దేవుడు చేయబోవు క్రియవైపు వారి కన్నులు త్రిప్పెను. ఎవరు చేసిరి అను ప్రశ్నను విడిచి, ఏమి చేయవలెను అను ప్రశ్నకు వారిని నడిపించెను. మన జిల్లాలో దీనికి సాక్ష్యము దూరమున లేదు. కుష్ఠును శాపమని ఎంచి రోగిని ఊరి వెలుపలికి త్రోసిన కాలమున, 1915లో డిచ్‌పల్లిలో ఆ రోగుల కొరకు ఆసుపత్రి వెలసెను. స్కాట్లండునుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ అమ్మగారు పనిచేయగా, హిందువైన నర్సాగౌడు గారు ధనమిచ్చిరి. శాపమనుకొన్నది సూక్ష్మక్రిమి వలని వ్యాధియని, మందుతో నయమగునని నేడు చిన్నపిల్లలకును తెలియును. గనుక ఏ బిడ్డ వైకల్యమునుగాని పాపమునకు కొలబద్దగా పట్టుకొనుటకు మనకు హక్కు లేదు.

రెండవ అడ్డు మరింత సున్నితమైనది. బిడ్డ బాగుపడవలెనని కొందరు తలిదండ్రులు ఒక కూటము నుండి మరియొక కూటమునకు, ఒక ఊరి నుండి మరియొక ఊరికి తిరుగుదురు. ప్రార్థించుట మంచిదే. అయితే స్వస్థత వచ్చిన తరువాత బడికి పంపుదమని కాచుకొనియుండగా ఏడెనిమిది సంవత్సరములు గడచిపోవును. అంతవరకు తల్లి బీడీలు చుట్టుచుండగా బిడ్డ గడపలో ఊరక కూర్చుండును. నేర్చుకొనుటకు తగిన లేతప్రాయము మరల రాదు. మెఫీబోషెతు కథ ఇందు నిమిత్తము చదువదగినది (2 సమూయేలు 4, 9). ఐదేండ్ల ప్రాయమున దాది ఎత్తుకొని పారిపోవుచుండగా పడి అతని రెండు కాళ్లు కుంటివాయెను. లోదెబారులో మరుగున పడియున్న అతనిని దావీదు పిలిపించి, రాజకుమారులతో కూడ తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. ఆ అధ్యాయపు చివరి వాక్యమువరకు అతని కాళ్లు కుంటివిగానే ఉన్నవి. కాళ్లు బాగుపడిన తరువాత రమ్మని రాజు అనలేదు. బల్లయొద్ద చోటు ముందే ఇచ్చెను.

మన దేశపు చట్టమును ఇప్పుడు ఇదే మాట పలుకుచున్నది. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములను గుర్తించెను. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము వాటిని 21గా విస్తరించెను. నలువది శాతమునకు తక్కువ కాని వైకల్యముగల ప్రతి బిడ్డకు 6 మొదలు 18 సంవత్సరములవరకు ఉచిత విద్య హక్కు. అది దగ్గరి బడిలోనే కావచ్చును, ప్రత్యేక పాఠశాలలోనైనను కావచ్చును. అది దయ కాదు, బాకీ.

ఇక న్యాయమను ప్రశ్నకు వత్తము. సమానముగా పంచుటయే న్యాయమని మనము సులభముగా అనుకొందుము. నిర్గమకాండము 16వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు మన్నా కూర్చుకొనినప్పుడు కొందరు ఎక్కువ, కొందరు తక్కువ ఏరుకొనిరి. కొలిచి చూచినప్పుడు ఎవనికి మిగులలేదు, ఎవనికి కొదువ కాలేదు. అక్కడి కొలత తినువాని అవసరము. పొలములో నీళ్లు పెట్టు రైతునకు ఇది తెలియును. పల్లపు మడికిని మెరక మడికిని ఒకే సేపు నీరు విడిచినయెడల మెరక మడి ఎండును. మెరకకు ఎక్కువసేపు విడుచుట పల్లమునకు అన్యాయము కాదు. రెండు మళ్లును పండుటయే న్యాయము.

అయితే నీరు పరిమితమే, ఉపాధ్యాయుని గడియయు పరిమితమే అని ఎవరైనను అందురు. నిజమే. ఇక్కడ రెండు ఉత్తరములు కలవు. ఒకటి, ఆ బిడ్డ కొరకు చేయు మంచి పద్ధతులలో పెక్కు తరగతి అంతటికి ఉపకరించును. రెండవది, భారమంతయు ఒక్కని భుజము మీద ఉండరాదు. ప్రాథమిక తరగతులలో అట్టి పిల్లలు 10 మందికి ఒకరు, పై తరగతులలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము 2022లో నిర్ణయించెను. ఆ ఉద్యోగములను మంజూరు చేసి నింపుమని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆజ్ఞాపించెను. అడుగుట మన ధర్మము; అందాక ఉన్నవారు చేయగలిగినది చేయవలెను.

ఏమి చేయగలరు? సువార్తలలో ప్రభువు వ్యవహరించిన తీరు ఒక మంచి ఉపాధ్యాయుని తీరుగా ఉన్నది.

మొదటిది: మార్కు 7లో చెవుడు గలవానిని సమూహములోనుండి ఏకాంతమునకు తీసికొనిపోయెను. వినలేనివానితో మాటకంటె ముందు స్పర్శతో మాటలాడెను: చెవులలో వ్రేళ్లుంచెను, నాలుక ముట్టెను, ఆకాశమువైపు చూచెను. బిడ్డ ఏ ద్వారమున గ్రహింపగలదో ఆ ద్వారమున ప్రవేశింపుడు. వినికిడి తక్కువైన బిడ్డను ముందు వరుసలో, మీ ముఖము మీద వెలుగు పడు చోట కూర్చుండబెట్టుడు. నల్లబల్ల వైపు తిరిగి మాటలాడకుడి. చూపు లేని బిడ్డకు చింతగింజలతో లెక్కలు, గట్టి అట్టమీద దారము అంటించి ఆకారములు నేర్పుడు. ఆరు చుక్కల బ్రెయిలీ లిపిలో తెలుగు చదువవచ్చును. దానిని కనుగొనిన లూయీ బ్రెయిలీ తానును బాల్యమున చూపు పోగొట్టుకొనినవాడే.

రెండవది: బేత్సయిదాలో గ్రుడ్డివానిమీద చేతులుంచి, ఏమైనను కనబడుచున్నదా అని అడిగెను (మార్కు 8). వానికి మనుష్యులు చెట్లవలె కనబడిరి. అప్పుడు రెండవమారు చేయి ఉంచెను. మెట్టు మెట్టుగా నేర్పి, మధ్యలో ఆగి పరీక్షించుటకు ఇంతకంటె మంచి మాదిరి ఏది? చొక్కా తొడుగుకొనుట మనకు ఒక పని. నెమ్మదిగా నేర్చు బిడ్డకు అది ఆరేడు పనులు. వాటిని విడదీసి, చివరి మెట్టు మొదట నేర్పుడు. క్రింది బొత్తాము పెట్టి ముగించిన బిడ్డకు పని పూర్తి చేసిన సంతోషము కలుగును. ఆ సంతోషమే దానిని ముందరి మెట్టునకు తీసికొనిపోవును. ఒకసారి ఒక్క ఆజ్ఞయే ఇచ్చి, ఉత్తరము కొరకు ఓపికతో కాచుకొనుడు.

మూడవది: బర్తిమయి ఏమి కోరుచున్నాడో కన్నులున్న ప్రతివానికిని తెలిసియుండెను. అయినను ప్రభువు, నీకేమి కావలెనని అతనినే అడిగెను. మనమును బిడ్డనే అడుగవలెను. మాటలాడలేనిది బొమ్మ చూపి చెప్పగలదు.

నాలుగవది: మోషే నోటిమాంద్యము తీసివేయబడలేదు గాని, ప్రక్కన అహరోను నిలువబడెను. ప్రక్కన కూర్చుండు స్నేహితుడు, పరీక్ష వ్రాయుటకు లేఖరి, గంటకు 20 నిమిషముల అదనపు కాలము, ఇవి మోసము కావు. కేంద్ర ప్రభుత్వ నియమములే వీటిని అనుగ్రహించుచున్నవి.

ఒక హెచ్చరికయు అవసరము. జాలి కొన్నిసార్లు ప్రేమ వేషము వేసికొనును. అన్నము కలిపి నోట పెట్టుట, చేతిలోని పని లాగికొని మనమే చేయుట, తప్పు చేసినను పాపమని విడిచిపెట్టుట, ఇవి బిడ్డను చిన్నదిగానే ఉంచును. దావీదు మెఫీబోషెతునకు భోజనము మాత్రమే కాదు, అతని తాతగారి భూమిని తిరిగి ఇచ్చెను. అతనిని యజమానునిగా ఎంచెను. బిడ్డనుండి కొంత కోరుటయు గౌరవమే.

సంఘము చేయదగినది ఇది. గ్రుడ్డివాడు, చెవిటిది, పిచ్చిది అని పిలుచుట మాని, బాప్తిస్మమున పెట్టిన పేరుతో పిలువుడు. చెవిటివానిని తిట్టకూడదని, గ్రుడ్డివాని ముందర అడ్డు వేయకూడదని లేవీయకాండము 19 ఆజ్ఞాపించుచున్నది. మందిరపు మెట్ల ప్రక్కన వాలుదారి కట్టుట ఆ ఆజ్ఞను నెరవేర్చుటయే. ఇంట మూలనున్న బిడ్డల తలిదండ్రులను దర్శించి, మండల కేంద్రములలోని భవిత కేంద్రముల సంగతి తెలుపుడు. బడికి రాలేని బిడ్డకు ఇంటికే వచ్చి నేర్పు ఏర్పాటు కలదు. వైకల్య ధ్రువపత్రము కొరకు శిబిరమునకు పోవు తల్లికి తోడుగా ఒకరు వెళ్లుడు. కూలి పోగొట్టుకొని క్యూలో నిలుచు ఆమెకు ఆ తోడే ప్రసంగము. ఆదివారపు బడిలో ఆ బిడ్డకు ఒక పని ఇయ్యుడు: గంట కొట్టుట, చాపలు పరచుట, పాటల పుస్తకములు పంచుట.

ఏశావు తన నాలుగువందల మందితో శేయీరునకు ముందుగా చేరెను. అతడు త్వరగా చేరినందున ఎవరికిని మేలు కలిగినట్లు వ్రాయబడలేదు. యాకోబు మెల్లగా నడిచి, ఒక్క బిడ్డనైనను దారిలో పోగొట్టుకొనక, షెకెమునకు క్షేమముగా వచ్చెను. మన బడులును మన సంఘములును ఎంత వేగముగా నడిచినవని కాక, ఎవరెవరిని వెంటబెట్టుకొని వచ్చినవని అడుగబడును. ఆ దినమున మన చేయి పట్టుకొని ఎవరో ఒక చిన్నబిడ్డ నిలిచియుండునుగాక.