సాక్షి, చిత్రగుప్తుడు

ప్రభుత్వం పౌరుల వేలిముద్రలను, కుటుంబ వివరాలను, రాకపోకలను నమోదు చేస్తున్నదంటే, దాచుకోవలసిన పాపమేమీ తమకు లేదని, పైనున్న దేవుడు ఎలాగూ చూస్తూనే ఉన్నాడని సామాన్యులు చెప్పే సమాధానంలో రెండు వేర్వేరు చూపులు ఒకటిగా కలిసిపోతున్నాయి. వేదాంతంలో సాక్షి అంటే దేనిలోనూ పాల్గొనకుండా అన్నిటినీ ప్రకాశింపజేసే చైతన్యం. విద్యారణ్యుల పంచదశి దానిని నాటకశాలలోని దీపంతో పోల్చింది. ఆ దీపం యజమానిని, సభ్యులను, నర్తకిని సమానంగా వెలిగించి, అందరూ వెళ్లిపోయాక కూడా వెలుగుతూనే ఉంటుంది, కాని ఎవరు వచ్చారో రాసి పెట్టుకోదు. యముని లేఖకుడైన చిత్రగుప్తుడు చూసింది రాస్తాడు, ఆ రాతను బట్టి శిక్ష పడుతుంది. రాజ్యం చూపు ఈ రెండవ జాతికి చెందినది.

మహారాష్ట్రలోని షోలాపూర్ తూర్పు పేటల్లో మగ్గాలతోను, బీడీలతోను బతుకుతున్న తెలుగు పద్మశాలీలకు ఈ భేదం కొత్తది కాకూడదు. వారు కులదైవంగా కొలిచే మార్కండేయుని కథ అంతా ఒక పద్దును గురించినదే. ఆ బాలుడి ఆయువు 16 ఏళ్లని రాసి ఉన్న మాట నిజం, యముడు గడువు ప్రకారమే వచ్చాడు, లెక్కలో ఏ పొరపాటూ లేదు. అయినా తన లింగాన్ని కౌగిలించుకున్న ఆ బాలుడి కోసం శివుడు యముడి పాశాన్ని తిప్పికొట్టాడు. అంటే, సరైన లెక్క కూడా మనిషిపై తుది తీర్పు కాదన్న విశ్వాసాన్నే ఏటా శ్రావణ పూర్ణిమనాడు ఆ పేటలు రథమెక్కించి ఊరేగిస్తున్నాయి.

లెక్కే తుది తీర్పైతే ఏమవుతుందో అదే నగరం చూసింది. 1871లో మొదలై తర్వాత బొంబాయి ప్రెసిడెన్సీకి విస్తరించిన నేరస్థ జాతుల చట్టం కింద, అంటే కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించిన శాసనం కింద, షోలాపూర్‌లో ముళ్లకంచె మధ్య సెటిల్‌మెంటు ఏర్పడింది. అక్కడివారు హాజరు వేయించుకోవలసిందే. తప్పు చేయనివారికి భయమెందుకన్న వాదం ఆ కంచె ముందు నిలవదు, ఎందుకంటే అక్కడ పుట్టిన పసిబిడ్డ ఏ తప్పూ చేయకముందే నేరస్థ జాతి లెక్కలోకి వచ్చేది. ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు.

అయినా నేటి ఉదాసీనతను అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. పద్దులో లేనివాడికి రేషన్ లేదు, పింఛను లేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణ సమగ్ర కుటుంబ సర్వేకు వలస వెళ్లినవారు సైతం సొంతూళ్లకు తరలివచ్చింది పద్దులో లేకుండా పోతామన్న భయంతోనే. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. మరుసటి ఏడాది సంక్షేమ పథకాలకు ఆధార్ చెల్లుతుందనీ అదే కోర్టు చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తన సంస్థలకు తానే మినహాయింపు ఇచ్చుకునే అధికారాన్ని కేంద్రానికి వదిలింది. ఆకులు చుట్టి చుట్టి అరిగిన వేలి ముద్రను యంత్రం గుర్తించని రోజున, బీడీ కార్మికురాలు మార్కండేయుడిలా కౌగిలించుకోవడానికి ఏముందన్న ప్రశ్నను ఆ రథం లాగే చేతులే వేయవలసి ఉంది.