నాలుగు చెట్లు, ఒక పడవ

వెనకటికి, ఓడలరేవుకు నిజంగానే ఓడలొచ్చే రోజుల్లో, ఆ ఊళ్లో ఒక షావుకారు ఉండేవాడు. వైనతేయ పాయ సముద్రంలో కలిసే చోటది. ఇటు ఓడలరేవు, అటు కరవాక, మధ్యలో జనాన్ని దాటించడానికి ఒక పాత దోనె. పోటు మీదుంటే అది ఎక్కడానికి కళాసీలే జంకేవారు. ఒక రాత్రి నొప్పులు పడుతున్న మనిషిని మంత్రసాని ఉన్న గట్టుకి చేర్చలేక జనం రేవులో తెల్లారేదాకా కూర్చోవడం షావుకారు కళ్లారా చూశాడు. మర్నాడే వడ్రంగుల్ని పిలిపించాడు. టేకు పలకలతో పెద్ద పడవ కట్టించి, ముక్కు మీద తన తండ్రి పేరు చెక్కించాడు. నీళ్లలోకి దించిన రోజున మేళం పెట్టించి, ఊరందరికీ పులిహోరా బూరెలూ పెట్టాడు.

సాయంత్రం జనం పల్చబడ్డాక ఒక ముసలమ్మ సరంగు దగ్గరికి వచ్చింది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. తాటాకిల్లు, దొడ్లో నాలుగు కొబ్బరి చెట్లు, అదీ ఆస్తి.

“ఒరేయ్ అబ్బాయ్, ఆ నాలుగు చెట్లూ పడవకి రాసిచ్చేస్తాను” అంది.

సరంగు నవ్వాడు. “పడవ చెట్లేం చేసుకుంటుంది మామ్మా? కాయలు కొరుక్కు తింటుందా?”

“తింటుందిరా. చెక్క నీళ్లలో పడ్డ రోజు నించీ దానికి ఆకలే.”

మామ్మ లెక్క కచ్చితంగా ఉంది. రెండు నెలలకోసారి దింపు. కూలీ పోగా మిగిలిన కాయల పీచు తాళ్లకి. కాయలమ్మిన డబ్బు గుగ్గిలానికీ చేపనూనెకీ. ఏడాదికోసారి పడవని గట్టెక్కించి, అడుగు గీకించి, అతుకుల్లో పీచు దట్టించి, గుగ్గిలం పట్టించాలి. ఇంకో షరతు కూడా పెట్టింది. ఏటా ముదురు కాయలు ఓ పది అమ్మకుండా ఉంచి మొలకెయ్యాలి. ఏ చెట్టు పడితే ఆ పాదులోనే మొక్క పెట్టాలి. “డబ్బు కరువొచ్చిందని చెట్టే కొట్టి అమ్మారో, నా ఉసురు తగుల్తుంది” అని కూడా అంది.

సంగతి తెలిసి షావుకారు నొచ్చుకున్నాడు. అంత పడవ ఇచ్చినవాడికి ముసలిదాని కాయలు తోడు కావలసొచ్చాయా అనుకున్నాడు. పైకి ఏమీ అనలేదు. ఆ ఊపులో మరో మూడు రేవులకి మూడు పడవలు కట్టించాడు. ప్రతిదానికీ మేళం, పులిహోర, ముక్కు మీద పేరు.

తర్వాత ఒక పెద్ద గాలివాన వచ్చి మామ్మ చెట్లలో రెంటిని పడగొట్టింది. (1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి కోనసీమలో చెట్టు పడటమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.) మొలకలు సిద్ధంగా ఉన్నాయి గనక అవే పాదుల్లో పెట్టారు. అవి కాపుకొచ్చేదాకా ఆరేడేళ్లు రెండు చెట్ల మీదే నెట్టుకొచ్చారు. ఆ ఏళ్లలో గుగ్గిలం ఏడాది విడిచి ఏడాదే పడింది. పడవ కాస్త కారింది, చేదతో నీళ్లు తోడుకున్నారు. ఈలోగా మామ్మ పోయింది.

ముసలితనంలో షావుకారుకి కరవాక వెళ్లే పని పడింది. మిగతా మూడు పడవల గతీ ఆయనకి అప్పటికే తెలుసు. రెండిటి అడుగు పురుగు తినేసింది, మూడోదాని పలకలు ఎవరిదో పశువుల పాకకి తలుపయ్యాయి. ఓడలరేవులో మాత్రం తండ్రి పేరు నూనె పట్టి నల్లగా మెరుస్తోంది. ఆయన దాన్ని వేలితో తడిమి చూశాడు. అవతలి గట్టున దిగాక కూలి ఇవ్వబోతే సరంగు వెనక్కి తగ్గాడు. “వద్దండి, పడవ తమరిదేనండి, ఆయ్.”

“పేరు మా నాన్నది. పడవ ఆ మామ్మది. తీసుకో” అన్నాడు షావుకారు.

నీతి కథ అన్నాక నీతి చెప్పాలి. ఇచ్చిన వస్తువు బతకాలంటే దాని ఏటి ఖర్చు కూడా ఎవరో ఒకరు ఇవ్వాలి. ఆ రెండో దానం చేసినవాళ్ల పేరు ఎక్కడా చెక్కరు.

ఈ కథ రేవుల కంటే విశ్వవిద్యాలయాలకు ఎక్కువ నప్పుతుందని నాకనిపిస్తుంది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే తీసుకోండి. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ దానికి ఏటా లక్ష రూపాయలిచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. అందరూ లక్ష దగ్గర ఆగుతారు. నేను ‘ఏటా’ దగ్గర ఆగుతాను. ప్రయోగశాల కట్టిన రోజుతో ఖర్చు అయిపోదు, మొదలవుతుంది. గాజు పగులుతుంది, ఆమ్లం సీసాలు ఖాళీ అవుతాయి, తక్కెడ ముల్లు వంకరపోతుంది. లక్ష ఒక్కసారే వచ్చి ఉంటే గోడలు లేచేవి, లోపల పిల్లలు చేతులు కట్టుకు నిలబడేవారు.

అదే సూత్రం మీద ఇప్పుడు అమెరికాలో, ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్య పీఠం నడుస్తోంది. కొప్పాక కుటుంబం ఇచ్చిన నిధి అది. ఇలాంటి శాశ్వత నిధుల్లో అసలు ముట్టుకోరు, రాబడి మీద పాఠం సాగుతుంది. మార్కెట్టు పడిపోయిన ఏడు రాబడి తగ్గుతుంది, అప్పుడు మామ్మ ఊరివాళ్లలాగే కాస్త నీళ్లు తోడుకోవాలి.

సేకరణల సంగతి ఇంకా సున్నితం. మన కోనసీమలోని ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులు 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి తాటాకు ప్రతులు పోగుచేశారు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూర్ సొమ్ముతో సూర్యరాయాంధ్ర నిఘంటువు తలపెట్టారు. మొదటి సంపుటం 1936లో వచ్చింది. పంతులుగారు 1941లో పోయారు. చివరి సంపుటం 1972లో గానీ రాలేదు. పరిషత్తు తర్వాత కాకినాడ చేరింది, ఇప్పుడది ప్రభుత్వ మ్యూజియం. తిరుపతిలో దేవస్థానం 1939లో పెట్టిన ప్రాచ్య పరిశోధనాలయం కూడా ఇలాగే చేతులు మారి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చేరింది. చేతులు మారడం తప్పేం కాదు. చెట్టు పడిన పాదులో మొక్క పడిందా లేదా, అదొక్కటే చూడాలి.

అన్నిచోట్లా పడదు. ఒక కాలేజీ గ్రంథాలయంలో ఓ పెద్దాయన పుస్తకాలన్నీ ఉన్న గాజు బీరువా చూశాను. ఆయన ఫొటో, దండ, ఇత్తడి పలక అన్నీ ఉన్నాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఎవరికీ తెలీదు. అద్దంలోంచి చూస్తే కింది అరలో చెదమట్టి గీత పైకి పాకుతోంది. పుస్తకాలిచ్చిన కుటుంబం ఒక గుమాస్తా జీతంలో నాలుగోవంతైనా ఇవ్వలేదు, వీళ్లూ అడగలేదు. అడగడానికి మొహమాటం, మరి ఉచితంగా వచ్చిన బీరువాయె!

తాటాకు ప్రతి అయితే ఈపాటికి పొడై ఉండేది. దాన్ని చూసుకునే పద్ధతి వేరు. కట్టు విప్పి, ఒక్కో ఆకునీ మెత్తటి కుంచెతో దులపాలి. దూదిని నిమ్మగడ్డి నూనెలో ముంచి, పిండి, మెల్లిగా రుద్దాలి. ఆకు మళ్లీ వంగేంత మెత్తబడుతుంది, అక్షరం తేరుకుంటుంది. కాసేపు ఆరనిచ్చి, చెక్క బద్దల మధ్య పెట్టి, మరీ బిగించకుండా తాడు కట్టి, బట్టలో చుట్టాలి. రెండు మూడొందల ఆకుల ప్రతి అయితే ఒక మనిషికి రోజులు పడుతుంది. గదంతా నిమ్మగడ్డి వాసన. కొన్నేళ్లకి ఆకు మళ్లీ ఎండుతుంది. మళ్లీ కట్టు విప్పాలి, మళ్లీ నూనె కొనాలి.