మూడవ మారు

ధ్యాన వాక్యభాగము: యోహాను సువార్త 21:1-17



పేతురు తన ప్రభువును ఎరుగనని ఒక్కమారు కాదు, మూడు మారులు బొంకెను. మొదటిది తొందరపాటు అనుకొందము, రెండవది భయము అనుకొందము. మూడవ దానికి ఏమి సాకు చెప్పగలము? లోకపు లెక్క ప్రకారము అతడు అలవాటుపడిన దోషి. అయినను ప్రభువు తిబెరియ సముద్రపుటొడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, అతనికి తిండి పెట్టి, మూడు మారులు ప్రశ్న అడిగి, మూడు మారులు పని అప్పగించెను. ఒడ్డున వలలు లాగి బ్రదుకు మనకు ఈ కథ దూరపు కథ కాదు.

లోకములోని చట్టములు నేరములను లెక్కపెట్టును. ఇప్పుడు మన దేశములో అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1వ తేదీన వచ్చినది. దానిలో దొంగతనమునకు మూడేండ్లవరకు శిక్ష కలదు. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయలకు లోపైయుండి, దొంగిలించినవానికి అది మొదటి శిక్షయై, అతడు సొత్తు తిరిగి యిచ్చినయెడల, జైలుకు బదులు సమాజసేవ చేయింతురు. నాలుగంతలు మరల చెల్లించెదనన్న జక్కయ్యను ఇది మనకు జ్ఞాపకము చేయును. కాని రెండవ మారు దొంగతనము రుజువైనచో ఏడాదికి తక్కువకాని కఠిన శిక్ష, అయిదేండ్లవరకు, జరిమానాతో కూడ పడును. మూడేండ్లు గాని అంతకు మించి గాని శిక్షగల సొత్తు నేరములో ఒకమారు శిక్షపడినవాడు తిరిగి అట్టి నేరమే చేసినయెడల, 13వ సెక్షను క్రింద పదేండ్లవరకు, లేక యావజ్జీవము వేయవచ్చును. పాత శిక్షాస్మృతిలోని 75వ సెక్షనులో ఉన్న మాటయే ఇది.

మాటిమాటికి దోచుకొనువానినుండి సామాన్యులను కాపాడవలసిన భారము ప్రభుత్వముపై నున్నది. మోటారు పోగొట్టుకొన్న రైతు కన్నీరు కూడ దేవుడు చూచుచున్నాడు. అయితే మన తీరమున ఈ లెక్క ఎట్లు నడిచినదో మరచిపోరాదు.

1871లో తెల్లదొరల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము చేసెను. 1911 చట్టముతో అది మన మద్రాసు రాజధానికిని వచ్చెను. ఎరుకలవారిని, యానాదులలో కొందరిని పుట్టుకతోనే దొంగలని పట్టీలో వ్రాసి, వ్రేలిముద్రలు తీసి, పోలీసు ఎదుట హాజరు పలికించిరి. 1924 చట్టము 23వ సెక్షను చూడుడి. పట్టీలోనున్న జాతివానికి రెండవ మారు శిక్షపడిన ఏడేండ్లకు తక్కువ కాకూడదు. మూడవ మారు అయిన యావజ్జీవ ద్వీపాంతరవాసము. ప్రత్యేక కారణములుండి తీర్పులో వ్రాసిననే తప్ప, న్యాయాధిపతి తగ్గించుటకు వీలులేదు. ఒకే తప్పునకు పొరుగువానికొక శిక్ష, ఎరుకలవానికొక శిక్ష!

మరియొక సంగతి చెప్పక దాటరాదు. మన కావలిలో ఎరుకలవారి సెటిల్మెంటును నడిపినది అమెరికన్ బాప్టిస్టు మిషను. స్టూవర్టుపురములో నడిపినది రక్షణ సైన్యము. అచ్చట బడి చెప్పిరి, పని నేర్పిరి, వాక్యము వినిపించిరి. ఆ మేలు నిజమే. కాని వాక్యము చెప్పిన చేతితోనే హాజరుపట్టీ కూడ పట్టుకొనిరి. చీటి లేక గడప దాటరాదన్న కట్టడిని సువార్త ప్రక్కననే నిలిపిరి. తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయము బోధించుచుండగా, పాళెములో పుట్టిన బిడ్డను కూడ అనుమానముతో చూచిరి. మన పితరుల మంచిని చెప్పుకొనునట్లే దీనిని కూడ ఒప్పుకొనవలెను.

ఆ చట్టము మద్రాసు రాష్ట్రములో 1947లో రద్దయ్యెను. దేశమంతట 1952 ఆగస్టు 31న తొలగెను. కాని పిమ్మట అలవాటు నేరస్థుల చట్టములు వచ్చెను. మన రాష్ట్రములో 1962లో ఒకటి చేసిరి. కాగితముమీద జాతి పేరు పోయెను, జనుల నాలుకమీద మాత్రము నిలిచెను. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్లలో కులమునుబట్టి పనులు పంచు నిబంధనలను, విముక్త జాతులవారిని అలవాటు నేరస్థులుగా ఎంచు నిబంధనలను కొట్టివేసెను. పాత చట్టము రద్దయి 72 యేండ్లు గడచిన పిమ్మట గదా ఈ తీర్పు!

ఈ లెక్క మన దేశములోనే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1994లో మూడవ నేరపు చట్టము వచ్చెను. పాత నేరములున్న ఒకడు మూడు గోల్ఫు కర్రలు దొంగిలింపగా, 25 యేండ్లు మొదలు యావజ్జీవమువరకు శిక్ష పడెను. 2003లో అక్కడి సుప్రీంకోర్టు దానిని నిలిపెను. ఇంత చిన్న నేరమునకు అంత శిక్ష తగదని ప్రజలే 2012లో ఓటు వేసి ఆ చట్టమును సడలించిరి.

ఇప్పుడు మన పల్లెకు వత్తము. రొయ్యల గుంటయొద్ద మోటారు పోయినదనుకొనుడి. తెల్లవారకముందే ఒక పేరు నోట వచ్చును. “వాడే అయ్యుండును, పాత కేడీ గదా” అందురు. కోర్టులో నడుచు పద్ధతి వినుడి. ఇప్పటి నేరము రుజువై దోషియని తేలువరకు, ఎక్కువ శిక్ష వేయుటకై పాత శిక్షను గూర్చి ముద్దాయిని అడుగరాదు. ముందు ఈ సంగతి తేల్చవలెను, పాత సంగతి ఆ తరువాత. కోర్టు మూసియుంచు కాగితమును మనము రచ్చబండమీద ముందే విప్పుచున్నాము. విశ్వాసులమైన మనకు ఇది తగునా?

ఇంకొక అపాయము కలదు. పేదవాడు చిన్న కేసులో పట్టుబడినప్పుడు, “ఒప్పుకో, నాలుగు దినములలో ఇల్లు చేరుదువు” అని ఎవరో చెప్పుదురు. ఇంటియొద్ద పిల్లలు పస్తు. అతడు చేయని దానికి కూడ తల ఊపును. ఆ నాలుగు దినములు గడచిపోవును గాని ఆ శిక్ష మొదటి లెక్కగా నిలిచియుండును. పదేండ్ల తరువాత మరియొక కేసు వచ్చినప్పుడు అదే అతని మెడకు చుట్టుకొనును. చేసినవాడు ఒప్పుకొనుట దేవునికి ఇష్టము. చేయనివాడు ఒప్పుకొనుట తన మీద తానే అబద్ధసాక్ష్యము పలుకుట.

కాబట్టి సంఘ పెద్దలారా, మీ పల్లెలో ఒకడు పట్టుబడెనని వినినప్పుడు మొదట అతని తల్లియొద్దకు వెళ్లుడి. వకీలుతో మాటాడకముందు ఏమియు ఒప్పుకొనవద్దని చెప్పించుడి. 1987 చట్టము ప్రకారము షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్త్రీలకు, కస్టడీలో నున్నవారికి ఆదాయముతో పనిలేకుండ ఉచితముగా వకీలు దొరకును. నెల్లూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. 15100 అను నంబరునకు ఫోను చేయవచ్చును. తప్పు నిజముగా చేసినవాడైతే సొత్తు తిరిగి యిచ్చునట్లు హెచ్చరించుడి. శిక్ష తీరి వచ్చినవానికి పడవలోనో పొలములోనో కూలి చూపుడి. దొంగిలినవాడు మానుకొని చేతులతో కష్టపడవలెనని పౌలు ఎఫెసీయులకు వ్రాసెను. మనము పని ఇయ్యకపోయిన ఆ చేతులు ఏమి చేయును?

ఆ సముద్రపుటొడ్డునకు మరల వత్తము. చేపలు పట్టబోవుచున్నానని పేతురు చెప్పినప్పుడు తోటివారు, “నీవు మూడు మారులు బొంకినవాడవు, నీతో పడవ ఎక్కము” అనలేదు. వారును అతనితో కూడ ఎక్కిరి. రాత్రియంతయు వల వేసిరి. తెల్లవారినప్పుడు ప్రభువు వారందరికిని ఒడ్డున కనబడెను. వారు పేతురును ఒంటరిగా పోనిచ్చియుండిన, ఆ ఉదయమున ఆ నిప్పులయొద్ద వారికి చోటుండెడిదా?

మన పల్లెలో అట్టి పడవ ఎక్కవలసినవాడొకడు ఒడ్డున నిలిచియున్నాడు. అతని పేరు మీకు తెలియును.

ప్రార్థన: ప్రభువా, మా తప్పులు నీవు లెక్కించినయెడల మేమెవరమును నిలువజాలము. నష్టపోయినవారిని ఆదరించుము. చెరలోనున్నవారిని, వారికొరకు ఎదురుచూచు తల్లులను జ్ఞాపకము చేసికొనుము. పాత పేరు పెట్టి పిలుచు మా నాలుకలను కట్టుము. పడిపోయినవానితో పడవ ఎక్కు ధైర్యము మాకు దయచేయుము. ఆమేన్.