ప్రవక్తను కానన్న ప్రవక్త

తగ్గింపు అనే మాట మన సంఘాల్లో తరచుగా వినిపిస్తుంది. తగ్గి నడవాలి, తనను తాను తగ్గించుకోవాలి అని పాస్టరుగారు చెబుతారు, ఇంట్లో పెద్దలూ చెబుతారు. మాట మంచిదే. కానీ కొండల్లో ఈ మాటకు వెనక ఒక చరిత్ర ఉంది. మన తాతలు ముఠాదారు ముందు తగ్గారు. ఫారెస్టు గార్డు ముందు తగ్గారు. అప్పిచ్చిన షావుకారు అరుగు కింద, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డారు. అంతగా తగ్గినవాళ్ల మనవలకు మళ్లీ తగ్గమని చెబితే వాళ్ల చెవికి అది నోరు మూసుకోమన్నట్టే వినబడుతుంది. ఆదివారం గుడిలో చెప్పిన వర్తమానం సంత రోజున షావుకారికి అక్కరకొస్తుంది.

అందుకే క్రీస్తును వెంబడించే గిరిజన యువతీ యువకులకు తగ్గింపు అంటే ఏమిటి, మౌనమూ తగ్గింపూ ఒకటేనా అని మేము చాలాకాలంగా మాట్లాడుకుంటున్నాం. ఆ మాటల్లో మాకు ఎక్కువగా తోడు వచ్చినవాడు ఆమోసు. తొమ్మిది అధ్యాయాల చిన్న గ్రంథం ఆయనది. యెషయా, యిర్మీయాలు చదివినంతగా మన సంఘాల్లో దాన్ని చదవరు.

ఆమోసుది తెకోవ. యెరూషలేముకు దక్షిణంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, ఎత్తు మీద, ఎడారి అంచున ఉన్న ఊరు. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో, యూదాలో ఉజ్జియా, ఇశ్రాయేలులో రెండవ యరొబాము రాజులుగా ఉన్న కాలం. ఆమోసు గొర్రెలు కాసేవాడు, మేడిచెట్ల పని చేసేవాడు. మంద సొంతమా, పరులదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు, వాదించుకోనిద్దాం. మేడిచెట్టు సంగతి మాత్రం మనకు ఆసక్తికరం. మన బడి పుస్తకాల్లో మేడిపండుకు పురుగుల పండని చెడ్డపేరు. ఆ దేశంలో అది పేదవాళ్ల ఆహారం. పిందె మీద కత్తితో చిన్న గాటు పెడితే గాని సరిగ్గా పండదు. చెట్టెక్కి ఒక్కొక్క కాయకూ గాటు పెట్టుకుంటూ పోవాలి. పైగా ఆ చెట్లు తెకోవ అంత ఎత్తులో పెరగవు, పల్లపు ప్రాంతాల్లోనే ఉంటాయి. అంటే ఆమోసు పని కోసం కొండ దిగి వెళ్లేవాడన్నమాట. మన ఊళ్ల నుంచి మిరప కోతలకూ భవనాల పనులకూ దిగువకు పోయే కుర్రవాళ్లకు ఈ దారి కొత్తగా చెప్పనక్కరలేదు.

అలాంటి మనిషి సరిహద్దు దాటి ఇశ్రాయేలు రాజ్యంలోని బేతేలుకు వెళ్లాడు. బేతేలు పెద్ద యాత్రాస్థలం. బలులు, కానుకలు, పాటలు దేనికీ తక్కువ లేదు. అక్కడ నిలబడి ఆయన అన్నదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: మీరు పండుగ రోజున గుడిలో కూర్చుని, ఈ పండుగ ఎప్పుడు అయిపోతుందా, కొట్టు ఎప్పుడు తెరుద్దామా అని ఆలోచిస్తున్నారు. కొలిచే కుంచాన్ని చిన్నది చేస్తున్నారు, తూకపు రాయి బరువు పెంచుతున్నారు. మీ త్రాసు దొంగది. తాలు గింజలు కలిపి అమ్ముతున్నారు. చెప్పుల జత ఖరీదుకు పేదవాణ్ణి కొంటున్నారు.

ఈ వాక్యాలకు మన ఏజెన్సీలో వ్యాఖ్యానం అక్కరలేదు. చింతపండు మూట, పసుపు, పిప్పలి, అడ్డాకుల కట్టలు తలమీద పెట్టుకుని తెల్లవారకముందే బయలుదేరిన మన అమ్మలకు ఆ కుంచం తెలుసు, ఆ రాయి తెలుసు. పంట చేతికి రాకముందే దానిమీద అప్పు తీసుకున్నవాడికి చెప్పుల జత ధర కూడా తెలుసు. 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టడానికి ఈ షావుకార్ల దోపిడీయే ఒక కారణం. తర్వాత మన భూములు పరుల చేతికి పోకుండా 1970లో 1/70 చట్టం వచ్చింది. చట్టాలు వచ్చాయి గాని, కాటా ముందు నోరు తెరిచే ధైర్యం చట్టంతో పాటు రాలేదు.

బేతేలు యాజకుడు అమజ్యాకు కోపం వచ్చింది. వీడు కుట్ర చేస్తున్నాడని రాజుకు కబురు పంపాడు. ఆమోసును పిలిచి, నీ దేశానికి పో, అక్కడే ప్రవచించుకుని అక్కడే తిండి సంపాదించుకో, ఇది రాజుగారి గుడి అన్నాడు. దేవుని గుడి అనలేదు! ఈ మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. అమజ్యా దుర్మార్గుడని చెప్పి వదిలేయడం సులువు. అతని జీతం రాజుది, అతని గుడి రాజుది. ఒక ఊళ్లో ప్రార్థన మందిరానికి రేకులు లేవనుకుందాం. సంతలో కొట్టున్న షావుకారు ఆ రేకులు వేయించాడనుకుందాం. ఆ పైకప్పు కింద నిలబడి అతని కాటా గురించి మాట్లాడటం ఎంత కష్టమో ఏ పాస్టరుగారిని అడిగినా చెబుతారు. కానుక తీసుకోవద్దని మేము అనడం లేదు, వానాకాలం తడిసే బాధ మాకూ తెలుసు. కానుకతో పాటు వచ్చేదేమిటో సంఘం ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

ఆమోసు ఇచ్చిన జవాబులోనే మా ప్రశ్నకు జవాబు దొరికింది. నేను ప్రవక్తను కాను, ప్రవక్తల శిష్యుణ్ణీ కాను, పశువులు కాసుకునేవాణ్ణి, మేడిపండ్ల పనివాణ్ణి, మంద వెనక నడుస్తున్న నన్ను దేవుడు పొమ్మంటే వచ్చాను అన్నాడు. ఎంత తగ్గింపు! పదవి వద్దన్నాడు, బిరుదు వద్దన్నాడు, తన చేతిపనిని దాచుకోలేదు. కానీ చెప్పవలసిన మాటలో ఒక్క అక్షరం తగ్గించలేదు. తగ్గింపు తన విషయంలో, తెగింపు మాట విషయంలో. మనకు నేర్పింది చాలావరకు దీనికి తిరగేసినది. మన పేరు ముందు రెవరెండ్ అనో, అధ్యక్షుడు అనో చేరడానికి వెనుకాడం, తప్పు తూకాన్ని తప్పనడానికి మాత్రం తగ్గింపు అడ్డొస్తుంది.

అయితే ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది, చదువుకున్న మనలాంటివాళ్లకే ఎక్కువ. నిజం చెప్పేవాడికి గర్వం తొందరగా పడుతుంది. రెండు డిగ్రీలు వచ్చాక ఊళ్లో అమ్మానాన్నల అమాయకత్వం మీద, గురువు మాట వినే ముసలివాళ్ల మీద ఉపన్యాసాలు మొదలవుతాయి. బాప్తిస్మం తీసుకున్నాక, ఇటుకల పండుగ, కొత్తల పండుగ చేసుకునే అన్నదమ్ముల ఇంటి వైపు చూడనివాళ్లూ ఉన్నారు. ఆమోసు గ్రంథం దీన్ని ఒప్పుకోదు. దమస్కు, గాజా, తూరు అంటూ చుట్టుపక్కల రాజ్యాల తప్పులు చెప్పుకొచ్చి, ఇశ్రాయేలు దగ్గరకు రాకముందే తన సొంత యూదాను కూడా ఆ వరసలో నిలబెట్టాడు. చివరి అధ్యాయంలో ఇంకా గట్టి దెబ్బ ఉంది. ఐగుప్తు నుంచి మిమ్మల్ని తెచ్చిన దేవుడే ఫిలిష్తీయుల్నీ అరామీయుల్నీ వాళ్ల వాళ్ల చోట్ల నుంచి తెచ్చాడని అంటాడు. మేమే దేవుని మనుషులమని ఛాతీ విరుచుకోవడానికి చోటు మిగల్చలేదు.

మాకు అన్నిటికంటే లోతుగా తగిలింది ఏడవ అధ్యాయం మొదలు. మిడతల దండు, తర్వాత అగ్ని. ఈ రెండు శిక్షలూ దర్శనంలో చూసినప్పుడు ఆమోసు సంతోషించలేదు. యాకోబు చిన్నవాడు, ఎలా నిలుస్తాడు, ఆపమని దేవుణ్ణి బతిమాలాడు. రెండుసార్లూ దేవుడు ఆపాడు. తాను తిట్టిన ఆ జనం కోసమే! షావుకారు మీద పిటిషను రాసే కుర్రాడు షావుకారి బిడ్డల కోసం కూడా ప్రార్థన చేయగలడా? కష్టమే. చేయలేకపోతే ఆ పిటిషను రేపు పగగా మారుతుంది. ఇది మేము వాదన కోసం అంటున్నది కాదు, కొండల్లో పగ ఎన్ని తరాలు నడుస్తుందో అందరం ఎరుగుదుం.

ఆమోసు మాటలు చాలా దూరం వెళ్లాయి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన ప్రసంగంలో, న్యాయాన్ని నీటి ప్రవాహంతో పోల్చిన ఆమోసు మాటనే ఎత్తుకున్నాడు. కింగ్ పాస్టరు, గొప్ప వక్త. అయితే అంతకు ముందు మాంట్‌గోమరీలో నల్లవాళ్లను వెనక సీట్లకు నెట్టే బస్సులెక్కం అని 381 రోజులు పట్టుదలగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది వంటమనుషులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. వాళ్ల పేర్లు పుస్తకాల్లో తక్కువ. పిలుపు అనేది వాళ్లకూ వచ్చింది, కాళ్లతోనే జవాబిచ్చారు.

మన యువకుల్లో పిలుపు అనగానే బైబిల్ కాలేజీ, మైకు, తెల్లచొక్కా గుర్తొస్తాయి. అందరికీ అది రాదు, రానక్కరలేదు. ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పే మాస్టారి సంగతే తీసుకుందాం. నాలుగో తరగతి పిల్లలకు కిలోలు, గ్రాములు చెప్పాలి. పుస్తకంలో ఆపిల్ పండ్ల బొమ్మ ఉంటుంది. ఆయన దాని బదులు చింతపండు మూటతో లెక్క వేయించవచ్చు. కాటా ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపాలని, సంచి బరువు తీసేయాలని, తూనికలు కొలతల శాఖ ముద్ర ఎక్కడ ఉంటుందో, ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ఆ ముద్ర కొత్తగా పడాలని చెప్పవచ్చు. ఇందులో వర్తమానం లేదు, పాట లేదు. ఆయన ప్రవక్త కాడు, లెక్కల మాస్టారు.

సెలవుల్లో ఆ తరగతిలోని పిల్ల అమ్మతో సంతకు వెళుతుంది. మూట కాటా మీదికి ఎక్కకముందే అంకె వైపు చూస్తుంది. షావుకారు విసుక్కోవచ్చు. ఆ పిల్ల గొంతు పెంచదు, వెనక్కీ తగ్గదు. "అయ్యా, సున్నా చేసి ఇంకోసారి తూచండి" అంటుంది.